కరువు ఏట పొదుపు: తవక్కుల్, విత్తనపు గింజలు, పొరుగువాడి హక్కు

 

ముసలితనం కోసం డబ్బు దాచుకోవడం అల్లాహ్‌పై నమ్మకం లేకపోవడమేనా? రాబడి బాగున్న రోజుల్లో ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. జీతం ఆగినప్పుడు, దుకాణం షట్టరు దించినప్పుడు, దాచిన నాలుగు రూపాయల వైపు చెయ్యి సాగినప్పుడు తడుతుంది. అప్పుడు ఒక్క ప్రశ్న మూడవుతుంది. దాచినది ఉంచుకోవాలా, తినేయాలా? పక్కింటివాడి పొయ్యి వెలగనప్పుడు నా పెట్టెలో రేపటి సొమ్ము ఉండటం న్యాయమేనా? అవసరం ముంచుకొచ్చింది కదా అని వడ్డీ వైపు అడుగు వేయవచ్చా?

ఇవి ఊహాజనితమైన ప్రశ్నలు కావు. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ఆ ఏడాది జనవరిలో 21 వేలు దాటిన మన సెన్సెక్స్ అక్టోబరులో ఒక దశలో 8 వేల దిగువకు జారింది. మరుసటి ఏడాది దుబాయిలో కట్టడాల పనులు ఆగిపోతే కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల ఇళ్లకు వచ్చే మనియార్డర్లు తగ్గాయి. 2017 జూలై నుంచి సౌదీ అరేబియాలో విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యులపై తలకు నెలకు నూరు రియాళ్ల రుసుము మొదలై ఏటేటా పెరిగింది. భార్యాబిడ్డలను హైదరాబాదుకు పంపేసి ఒంటరిగా మిగిలిన వారెందరో. ఆపై 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. గల్ఫ్ నుంచి ప్రత్యేక విమానాల్లో తిరిగొచ్చిన వారిలో చాలామంది చేతుల్లో ఒక సూట్‌కేసు తప్ప మరేమీ లేదు.

భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టం, పంటల నష్టాలతో తప్పక పరీక్షిస్తానని అల్లాహ్ ముందే తెలియజేశాడు (2:155). కనుక మాంద్యం విశ్వాసికి ఆశ్చర్యం కలిగించే విషయం కాదు. ఆ పరీక్షలో ఎలా నిలబడాలన్నదే తెలుసుకోవలసిన విషయం.

ఒంటె మోకాలికి తాడు

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని కొందరి భావన. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఒక సహచరుడు అడిగితే, ముందు కట్టమని, ఆ తర్వాతే భారం వేయమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (తిర్మిజీ). పక్షుల ఉపమానం కూడా తిర్మిజీలోనే ఉంది. అవి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయి. బయలుదేరతాయి అన్న మాటను మనం గమనించాలి. గూటిలో కూర్చున్న పక్షి గురించి ఆ హదీసు చెప్పలేదు.

దాచడం గురించి మరింత స్పష్టమైన ఆధారం ఉంది. బనూ నజీర్ భూముల ఆదాయం నుంచి దైవప్రవక్త (స) తన ఇంటివారికి ఒక ఏడాదికి సరిపడా గ్రాసం తీసిపెట్టేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). సృష్టిలో అందరికన్నా ఎక్కువ తవక్కుల్ కలిగిన మహనీయుడే ఇంటివారి కోసం ఏడాది తిండి దాచారంటే దాచడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని తేలిపోయింది. అయితే అదే దైవప్రవక్త (స) పరమపదించినప్పుడు ఆయన కవచం కొద్దిపాటి బార్లీ కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉంది. ఈ రెండు విషయాలూ ఎలా పొసుగుతాయి? హదీసు వ్యాఖ్యాతలు దీనిని చక్కగా వివరించారు. ఆయన ఏడాదికని తీసిపెట్టేవారు. అగత్యపరులు వచ్చినప్పుడు అందులోంచే ఇచ్చేవారు. అందువల్ల ఏడాది గడవకముందే అది అయిపోయేది.

ఈ వ్యాసం చెప్పదలచినదంతా ఈ ఒక్క ఆచరణలోనే ఉంది. దాచడమూ సున్నతే, దాచినదాని తలుపు పేదవాడికి తెరచి ఉంచడమూ సున్నతే.

యూసుఫ్ (అలై) నేర్పిన లెక్క

ఖుర్ఆన్‌లో మాంద్యాన్ని ఎదుర్కొనే ప్రణాళిక ఒకటి వివరంగా ఉంది. ఈజిప్టు రాజు కలకు అర్థం చెబుతూ హజ్రత్ యూసుఫ్ (అలై) ఇచ్చిన సలహా అది (12:47-49). ఏడేళ్లు ఎప్పటిలాగే సేద్యం చేయాలి. కోసిన దానిలో తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగతాది కంకుల్లోనే వదిలేయాలి. తర్వాత వచ్చే ఏడు కరువు సంవత్సరాలు ఆ నిల్వను తినేస్తాయి, జాగ్రత్తగా అట్టేపెట్టిన కొంచెం తప్ప.

ఇందులో మూడు పాఠాలున్నాయి. మొదటిది, పొదుపు కరువు వచ్చాక మొదలయ్యేది కాదు, పంట పండిన ఏడాదిలోనే మొదలుకావాలి. రెండవది, గింజను కంకిలోనే ఉంచమన్నారు. అంటే దాచే పద్ధతి కూడా దాచే వస్తువును కాపాడేదిగా ఉండాలి. పురుగు పట్టే గాదెలో పోసినది పొదుపు కాదు. మూడవది అన్నిటికన్నా సూక్ష్మమైనది. కరువు ఏళ్లలో నిల్వ అంతా తినమనలేదు, కొంచెం అట్టేపెట్టాలన్నారు. అది విత్తనం కోసమని తఫ్సీర్ పండితులు వివరించారు. కరువు తీరి వాన పడిన రోజున చల్లడానికి గింజ లేకపోతే ఆ వాన వల్ల ప్రయోజనమేమిటి?

మన రైతులకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. ఎంత కరువైనా విత్తనాల మూట విప్పడానికి ఇంటి ఇల్లాలు ఒప్పుకునేది కాదు. ముసలితనానికి దాచిన సొమ్ము ఆ మూటలాంటిది. 2020 మార్చిలో ప్రభుత్వం ఉద్యోగులకు భవిష్యనిధి (పి.ఎఫ్.) నుంచి తిరిగి కట్టనక్కరలేని అడ్వాన్సు తీసుకునే వీలు కల్పించింది. మూడు నెలల మూలవేతనం, కరువు భత్యం ఒక వైపు, ఖాతాలోని నిల్వలో 75 శాతం మరో వైపు పెట్టి, వాటిలో ఏది తక్కువైతే అంత. 2021 మేలో రెండవసారి కూడా తీసుకోవచ్చన్నారు. ఇంట్లో పొయ్యి వెలిగించడానికి, ఆస్పత్రి ఖర్చుకు తీసుకున్నవారిని ఎవరూ తప్పు పట్టరు, ఆ సొమ్ము వారిదే. కానీ ఇస్తున్నారు కదా అని తీసి కొత్త ఫోను కొన్నవారు, వాయిదా వేసిన పెళ్లికి భోజనాల పద్దు పెంచినవారు విత్తనాల గింజలు వండుకుని తిన్నట్లే.

ఏది ముందు, ఏది వెనుక?

అయితే విత్తనం ముఖ్యమా, పొరుగువాడి ఆకలి ముఖ్యమా? ఇక్కడ షరీఅత్ పండితులు ఏర్పరచిన ఒక క్రమం మనకు దారి చూపుతుంది. ఇమామ్ గజ్జాలీ, ఇమామ్ షాతిబీ (రహ్మతుల్లాహి అలైహిమ్) మనిషి అవసరాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటివి జరూరియ్యాత్, అవి లేనిదే ప్రాణం, ధర్మం, వంశం, బుద్ధి, ఆస్తి నిలవవు. రెండవవి హాజియ్యాత్, అవి లేకుంటే బతుకు ఇరుకున పడుతుంది. మూడవవి తహ్సీనియ్యాత్, అవి బతుకుకు అందం చేకూర్చేవి.

మన ఇంటి పద్దును ఈ మూడు గడుల్లో రాసి చూడండి. తిండి, మందు, అద్దె, పిల్లల చదువు, తీర్చవలసిన అప్పు మొదటి గడిలోవి. ప్రయాణానికి బండి, కాస్త పెద్ద ఇల్లు రెండవ గడిలోవి. విందులు, వినోదాలు, నలుగురి మెప్పు కోసం పెట్టే ఖర్చు మూడవ గడిలోవి. మరి ముసలితనపు పొదుపు ఎక్కడ? ముప్పై ఏళ్ల యువకుడికి అది రెండవ గడిలోది. యాభై అయిదు దాటి, ఒంట్లో ఓపిక తగ్గి, మళ్లీ సంపాదించే వీలు లేనివాడికి అది మొదటి గడిలోదే. కనుక అందరికీ ఒకే సలహా చెల్లదు. యువకుడు మాంద్యంలో ఆరు నెలలు పొదుపు ఆపి అమ్మానాన్నలను ఆదుకుంటే ఆ లోటు పూడ్చుకునే వయసు అతనికుంది. అరవై ఏళ్ల తండ్రి తన గ్రాట్యుటీ మొత్తం తెచ్చి కొడుకు వ్యాపారంలో పోస్తే అది పోయిన రోజున ఆయనకు మరో దారి లేదు.

ఈ క్రమంలో పొరుగువాడి ఆకలి మన మూడవ గడి కన్నా ముందుది, రెండవ గడి కన్నా కూడా ముందుదే. పక్కనున్నవాడు పస్తులుండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న భావం హదీసులో ఉంది (అల్ అదబుల్ ముఫ్రద్). అలాగని సర్వం పంచిపెట్టి రేపు తానే చెయ్యి చాచాలనీ ధర్మం చెప్పలేదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు ఆస్తిలో అధికభాగం దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) మూడవ వంతు వరకే అనుమతించారు, అదీ ఎక్కువేనన్నారు. వారసులు జనం ముందు చేతులు చాచేలా వదిలివెళ్లడం కన్నా వారిని కలిగినవారిగా వదిలివెళ్లడం మేలని బోధించారు (బుఖారీ, ముస్లిం). చేతిని మెడకు కట్టివేసుకోవద్దని, పూర్తిగా చాచివేయవద్దని ఖుర్ఆన్ ఒకే ఆయతులో రెండింటినీ వారించింది (17:29).

కుర్బానీ మాంసం చెప్పే పాఠం

మామూలు ఏడాది నియమం వేరు, కరువు ఏడాది నియమం వేరు. దీనికి సహీహ్ హదీసే సాక్ష్యం. ఒక ఏడాది ఎడారి నుంచి పేదలు తండోపతండాలుగా మదీనాకు వచ్చారు. ఆ బక్రీదు నాడు కుర్బానీ మాంసం మూడు రోజులకు మించి ఎవరి ఇంట్లోనూ ఉండరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. మరుసటి ఏడాది సహచరులు ఈసారి కూడా అలాగే చేయాలా అని అడిగారు. తినండి, తినిపించండి, దాచుకోండి అన్నది ఆయన సమాధానపు సారం. గత ఏడాది జనం ఇబ్బందిలో ఉన్నారు గనుక వారికి మీరు తోడ్పడాలని అలా ఆజ్ఞాపించానని వివరించారు (బుఖారీ, ముస్లిం).

సోదరులారా! మాంసం అదే, దాచుకునే మనిషి అతడే. మారినదల్లా వీధిలోని పరిస్థితి. దాచుకోవడం ధర్మమా అన్న ప్రశ్నకు జవాబు మన పెట్టెలోనే కాదు, మన వీధిలోనూ ఉంటుంది. ఇబ్బంది తొలగగానే నిషేధమూ తొలగిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. కరువు ఏడాదిలో ఎక్కువ ఇచ్చినందుకు జీవితాంతం దాచుకోవద్దని ఎవరూ అనలేదు.

యమన్‌కు చెందిన అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. యుద్ధంలోగాని ఇంటివద్దగాని ఆహారం కొరవడితే, ఉన్నదంతా ఒక గుడ్డలో పోసి ఒకే కొలతతో సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అన్నంత చేరువగా ఆయన వారిని గురించి పలికారు (బుఖారీ, ముస్లిం). హిజ్రీ 18లో బూడిద సంవత్సరంగా పేరుపడ్డ మహా కరువు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) జనమంతా తినగలిగే వరకు నెయ్యి ముట్టలేదు. ఈజిప్టు నుంచి, సిరియా నుంచి ధాన్యం తెప్పించారు. ఖలీఫాకు నెయ్యి కొనే స్తోమత లేక కాదు, మూడవ గడిని మూసివేసి చూపించారు.

దాచినది ఎప్పుడు నిప్పవుతుంది?

బంగారం, వెండి కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చుపెట్టని వారికి వేదనాభరితమైన శిక్ష ఉందని సూరా తౌబా హెచ్చరించింది (9:34-35). అవసరానికి మించినదంతా ఈ ఆయతు కిందికే వస్తుందని హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) గట్టిగా నమ్మారు. సిరియాలో హజ్రత్ ముఆవియా (రజి)తో ఈ విషయంపైనే ఆయనకు భేదం వచ్చింది. చివరకు రబజా అనే ఎడారి గ్రామంలో ఏకాంతంగా జీవించారు. ఆయన భక్తి ముందు మనం తల వంచుతాం. అయితే జకాత్ చెల్లించిన ధనం ఆ హెచ్చరిక కిందికి రాదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పారు. ఉమ్మత్‌లోని అత్యధిక పండితుల మార్గం అదే. వారసత్వపు వాటాల ఆయతులు, జకాత్ ఆయతులు మనిషి వద్ద ధనం మిగలవచ్చని అంగీకరించే అవతరించాయి గదా!

కనుక జకాత్ ఇచ్చిన పొదుపు ధర్మసమ్మతమే. ఇక్కడే కొందరు, మాంద్యం వచ్చింది, ఈ ఏడాది జకాత్ ఆపుదాం అంటారు. లెక్క తేలికైనదే. 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు తక్కువ కాకుండా, అవసరాలు, వెంటనే తీర్చవలసిన అప్పులు పోను, ఏడాది పాటు మిగిలిన సొమ్ముంటే నలభయ్యవ వంతు ఇవ్వాలి. నాలుగు లక్షలు మిగిలితే పదివేలు. రాబడి పడిపోయి నిసాబ్ కన్నా దిగువకు చేరినవారిపై జకాత్ విధి కానే కాదు, పైగా వారే జకాత్ పుచ్చుకునే అర్హులు కావచ్చు. పడిపోనివారిపై అది ఎప్పటిలాగే విధి. బూడిద సంవత్సరంలో హజ్రత్ ఉమర్ (రజి) జకాత్ వసూలును వాయిదా వేశారన్నది నిజమే. అది పశువులు చచ్చిపోయి గడ్డి కరువైన పశుపాలకుల మేలుకోసం. గాదె నిండుగా ఉన్నవాడు ఆ ఘటనను చూపి చేయి ముడుచుకోజాలడు. మాంద్యంలో జకాత్ ఇచ్చేవారి సంఖ్య తగ్గుతుంది, పుచ్చుకునేవారి సంఖ్య పెరుగుతుంది. అలాంటప్పుడు ఇవ్వగలిగినవాడు ఆపితే ఆ భారం ఎవరిపై పడుతుందో ఆలోచించండి.

అప్పు, వడ్డీ, గడువు

మాంద్యంలో మొదట కూలేది అప్పున్న ఇల్లే. కనుక రాబడి తగ్గిన వెంటనే చేయవలసిన పని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయడం. అప్పును రాసి, సాక్షులను పెట్టుకొమ్మన్న ఆయతు ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు (2:282). వడ్డీ అప్పును ముందు తీర్చాలి, కొత్తది తీసుకోరాదు. బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే సులువయ్యే వరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని అల్లాహ్ ఆజ్ఞ (2:280).

గడువుకు గడువుకు మధ్య ఎంత తేడా ఉందో 2020లో అందరూ చూశారు. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు వరకు బ్యాంకు వాయిదాలకు మారటోరియం ఇచ్చారు. చాలామంది దానిని మాఫీ అనుకొని ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ నెలల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వేయరాదన్న తీర్పు కోసం 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. అజ్ఞానకాలపు అరబ్బులు గడువు తీరగానే చెల్లిస్తావా, పెంచుతావా అని బాకీదారుణ్ణి నిలదీసేవారు. గడువును అమ్ముకోవడమే అప్పటి వడ్డీ. ఖుర్ఆన్ దానిని రద్దు చేసి గడువును దానంగా మార్చింది.

2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులపై ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 చివర్లో తెలంగాణలో ఫోను రుణ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. గత్యంతరం లేక వడ్డీకి తెచ్చాననే సోదరునికి మనవి. గత్యంతరం లేనితనం అంటే ప్రాణాల మీదికి రావడం, అదీ అవసరమైనంత మేరకే మినహాయింపు. పిల్ల పెళ్లి ఘనంగా చేయాలన్న కోరిక ఆ కోవలోకి రాదు. ఆ మాట అనే ముందు హైదరాబాదులోనూ ఇతర పట్టణాల్లోనూ నగలు పెట్టుకొని వడ్డీ లేకుండా అప్పిచ్చే బైతుల్ మాల్ సంస్థల తలుపు తట్టండి. నగలు భార్యవైతే ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే తాకట్టు పెట్టాలి. ఆమె మహర్, ఆమె బంగారం ఆమె సొత్తు. భర్తకు కష్టం వచ్చినంత మాత్రాన అవి అతని సొత్తు కాజాలవు. ఎన్నో ఇళ్లలో ఆ స్త్రీ ముసలితనానికి ఉన్న ఒకే ఒక విత్తనాల మూట అది.

ఎక్కడ దాచాలి?

పి.ఎఫ్. గురించి తరచూ అడుగుతారు. జీతం నుంచి తప్పనిసరిగా కోసే మొత్తం, యజమాని కలిపే మొత్తం, దానిపై వచ్చే అదనం ఉద్యోగి చేతికి అందకముందు అతని స్వాధీనంలో లేవు గనుక ఆ అదనాన్ని షరీఅత్ దృష్ట్యా వడ్డీగా పరిగణించనక్కర లేదని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహి) మొదలైన ఉలమా వివరించారు. చేతికి వచ్చాకే దానిపై జకాత్ లెక్క మొదలవుతుందన్నారు. తన ఇష్టంతో అదనంగా కోయించుకునే మొత్తం సంగతి వేరు, దాని అదనంలో వడ్డీ పోలిక ఉంది గనుక దూరంగా ఉండమన్నారు. మీ పరిస్థితిని దగ్గరలోని ముఫ్తీ గారికి చూపి తెలుసుకోండి. బ్యాంకు పొదుపు ఖాతాలో వచ్చి చేరిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలన్నది మన దేశపు దారుల్ ఇఫ్తాల సాధారణ ఫత్వా.

వడ్డీ లేకుండా దాస్తే ధరల పెరుగుదల తినేస్తుంది కదా అంటారు. నిజమే, నోట్లకట్ట పురుగు పట్టే గాదె. అందుకే భూమి, అద్దె వచ్చే గది, బంగారం, నమ్మకస్తునితో లాభనష్టాల భాగస్వామ్యం ఉన్నాయి. మద్యం, వడ్డీ, జూదం వంటి వ్యాపారాలను వదిలి, వడ్డీ అప్పులు పరిమితిలో ఉన్న కంపెనీల వాటాలనే కొనే ఫండ్లు మన దేశంలోనూ ఉన్నాయి. అయితే వాటాల ధర నిలకడగా ఉండదు. 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్ మార్చి 23న 25,981 దగ్గర ముగిసింది, డిసెంబరు ఆఖరుకు 47 వేలు దాటింది. మార్చిలో భయపడి అమ్మినవాడు నష్టాన్ని తన చేతులతో ఖాయం చేసుకున్నాడు. పేదరికం వస్తుందని భయపెట్టేవాడు షైతాను అని అల్లాహ్ తెలియజేశాడు (2:268). కానీ ప్రతి పతనం తర్వాతా తొమ్మిది నెలల్లోనే ధర లేస్తుందన్న హామీ కూడా లేదు. కనుక వచ్చే అయిదేళ్లలో కావలసిన సొమ్మును అక్కడ పెట్టరాదు. మొదట ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికి అందేలా ఉంచుకొని, ఆ తర్వాతే మిగతాది రకరకాలుగా పెట్టడం వివేకం.

చీటీలు మనవారికి బాగా అలవాటు. పాట పాడి, తగ్గించుకొని తీసుకునే చీటీలో వడ్డీ దాగి ఉంది. హైదరాబాదు బస్తీల్లో బీసీ అని, కమిటీ అని పిలుచుకునే పద్ధతిలో ప్రతి ఒక్కరూ నెలనెలా సమానంగా వేసి, వంతుల వారీగా పూర్తి మొత్తం తీసుకుంటారు. దానిలో దోషం లేదు, అది ఒకరికొకరు ఇచ్చుకునే అప్పు మాత్రమే.

ఒక హెచ్చరిక అవసరం. గడ్డం, టోపీ, హలాల్ అన్న మాట చూసి నమ్మకండి. 2018లో హైదరాబాదులో, 2019లో బెంగళూరులో హలాల్ లాభాల పేరిట నెలనెలా సొమ్ము పంచిన సంస్థలు కూలిపోయాయి. వితంతువుల సొమ్ము, పదవీ విరమణ సొమ్ము, గల్ఫ్ కష్టార్జితం పోయాయి. నిజమైన వ్యాపారంలో లాభం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, ఒక నెల నష్టం ఉంటుంది. ప్రతి నెలా నిలకడగా, అదీ మార్కెట్టంతా పడిపోతున్నప్పుడు కూడా, లాభం ఇస్తానన్నాడంటే అది వ్యాపార లాభం కాదు. కొత్తగా చేరినవారి సొమ్మును పాతవారికి పంచుతున్నాడన్నమాట. పేరు హలాల్ అయినంత మాత్రాన మోసం హలాల్ అయిపోదు.

కాగితాలు, వారసులు

హజ్రత్ జుబైర్ (రజి) వద్దకు జనం సొమ్ము దాచమని తెస్తే, అమానతుగా వద్దు, అప్పుగా ఇవ్వండి అనేవారు, పోతే వారు నష్టపోకూడదని. ఆయన షహీద్ అయ్యేనాటికి ఆ బాకీ ఇరవై రెండు లక్షలు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) భూములు అమ్మి బాకీలన్నీ తీర్చారు. ఆపైన కూడా నాలుగేళ్లు హజ్ వేళ బాకీ ఉన్నవారు రావలసిందిగా చాటించి, అప్పుడే వారసులకు పంచారు (బుఖారీ). తండ్రి బతికుండగానే కొడుక్కు లెక్కంతా అప్పగించడం వల్లే ఇది సాధ్యమైంది. మన ఇళ్లలో భర్త పోయాక ఏ ఖాతా ఎక్కడుందో భార్యకు తెలియదు. వీలునామా రాయకుండా రెండు రాత్రులు గడపరాదన్న హదీసును (బుఖారీ, ముస్లిం) మనం మరిచాం. పి.ఎఫ్. కాగితాల్లో నామినీగా రాసినవాడు సొమ్ము అందుకునే అమీను మాత్రమే. దాచి మిగిల్చిన సొమ్ము షరీఅత్ వాటాల ప్రకారం తల్లికి, భార్యకు, కూతుళ్లకు, కొడుకులకు చేరాలి. కూతురి వాటా ఆపి దాచిన పొదుపులో బర్కత్ ఎక్కడుంటుంది?

ముసలివారి చెయ్యి

కొడుకులే మా పెన్షను అనేవారు మన సమాజంలో ఎక్కువ. అక్కరలో ఉన్న తల్లిదండ్రుల పోషణ స్తోమత గల పిల్లలపై వాజిబ్. అది దయ కాదు, బాధ్యత. 2007లో పార్లమెంటు చేసిన చట్టం కూడా వృద్ధుల పోషణను పిల్లల బాధ్యతగా విధించింది. అయినా మాంద్యంలో కొడుకు ఉద్యోగమే పోతే? అప్పుడు తండ్రి దాచిన నాలుగు రూపాయలు కొడుకును సిగ్గు నుంచి, తండ్రిని చెయ్యి చాచడం నుంచి కాపాడతాయి. కనుక కొడుకుల మీద ఆశ, సొంత పొదుపు ఒకదానికొకటి వ్యతిరేకం కావు. ముసలితనం రాకముందు యవ్వనాన్ని, పేదరికం రాకముందు కలిమిని సద్వినియోగం చేసుకొమ్మని దైవప్రవక్త (స) బోధించారు (హాకిమ్).

ఇక ఎవరూ లేనివారి సంగతి. ఒక యూద వృద్ధుడు బిచ్చమెత్తుతూ హజ్రత్ ఉమర్ (రజి) కంటపడ్డాడు. పన్ను కట్టడానికి, తిండికి అని అతడు చెప్పుకున్నాడు. ఆయన అతణ్ణి ఇంటికి తీసుకెళ్లి ఉన్నది ఇచ్చారు. యవ్వనంలో అతని చేత పన్ను కట్టించుకొని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని భావించి, అతనిపైనా అలాంటివారిపైనా పన్ను ఎత్తివేసి బైతుల్ మాల్ నుంచి భత్యం ఏర్పాటు చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) తన కితాబుల్ ఖరాజ్‌లో దీనిని నమోదు చేశారు. ముసలితనపు భద్రత ఒక్కొక్కరి పెట్టెకే వదిలేయవలసినది కాదని, అది సమాజపు బాధ్యత కూడా అని ఈ ఘటన తేల్చి చెప్పింది.

ప్రతి మస్జిదు కమిటీ వచ్చే జుమా నాటికి ఒక పని చేయవచ్చు. తమ వాడలో అరవై దాటి, సంపాదించేవారు లేని ఇళ్లు ఎన్నో లెక్క తీయవచ్చు. మతంతో నిమిత్తం లేకుండా, పేర్లు బయటకు రాకుండా సద్కా సొమ్ముతో వారికి నెలకు సరిపడా బియ్యం, పప్పు, మందులు చేరవేయవచ్చు. మనం ఒక్కొక్కరం మూడవ గడిలోని ఒక్క ఖర్చు ఆపితే చాలు. విత్తనాల మూట విప్పవలసిన అవసరం చాలా ఇళ్లకు రాకపోవచ్చు.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన ఉపాధినివ్వు. కలిమిలో మితాన్ని, లేమిలో సహనాన్ని ప్రసాదించు. మేము దాచుకున్నది మా ముసలితనానికి ఆసరా అగుగాక, పరలోకంలో మాకు నిప్పు కాకుండుగాక. మా అప్పులు తీర్చు. నీ ముందు తప్ప మరెవరి ముందూ మా వృద్ధుల చేతులు చాచబడకుండా కాపాడు. ఆమీన్.